పొడిచే ఎద్దని తెలిశాక

2023 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ, హోండా కంపెనీ కలిసి ఒక మాట చెప్పాయి: ఆ కార్లు ఇక నడపకండి. 2001 నుంచి 2003 దాకా తయారైన కొన్ని హోండా, అక్యూరా బండ్ల గురించి ఆ హెచ్చరిక. పిల్లాపాపలున్న ఇళ్లవాళ్లు ముచ్చటపడి కొనుక్కున్న 2002 సీఆర్-వీ, 2003 పైలట్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. బండి దేన్నైనా గుద్దుకున్నప్పుడు స్టీరింగ్‌లోంచి వచ్చే ఎయిర్‌బ్యాగ్ ప్రాణం కాపాడాలి. వీటిలో అది తెరుచుకుంటే, లోపలి లోహపు డబ్బా పగిలి ముక్కలు మొహం మీదికి చిమ్మే అవకాశం 50 శాతం దాకా ఉందని ఆ సంస్థ 2016లోనే చెప్పింది. ఉత్తరాలు వెళ్లాయి, ఫోన్లు వెళ్లాయి, కొన్ని ఇళ్లకు మనుషులే వెళ్లి తలుపు తట్టారు. మరమ్మతుకు పైసా ఖర్చు లేదు. అయినా 2023 నాటికి అలాంటి బండ్లు ఇంకా 8,200 దాకా మిగిలాయి.

ఇంజనీర్ల దృష్టిలో ఇది ఒక విడిభాగం గొడవ. లాయర్లకు పరిహారం లెక్క. ధర్మాధర్మాల గురించి ఆలోచించేవాళ్లకు మాత్రం ఇది చాలా పాత ప్రశ్న, కొత్త నంబరు ప్లేటు తగిలించుకుని వచ్చింది. తెలియక జరిగిన కీడుకూ తెలిసి వదిలేసిన కీడుకూ మధ్య గీత ఎక్కడ పడుతుంది? కంపెనీ ఉత్తరం రాసినప్పుడా, పోస్టులో చేరినప్పుడా, కవరు చించి చదివినప్పుడా? కవరు చించనే చించనివాడి మాటేమిటి?

మనుధర్మశాస్త్రాన్ని ఈ రోజుల్లో ఎవరు ఎందుకు తెరుస్తారన్నది వేరే తగాదా. దాన్ని పక్కన పెట్టి చూస్తే, ఎనిమిదో అధ్యాయంలో బండ్ల ప్రమాదాల మీద కొన్ని శ్లోకాలున్నాయి. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు విరిగినా, చక్రం విరిగినా, పగ్గం తెగినా, తప్పుకోండని తోలేవాడు గట్టిగా అరిచినా, జరిగిన నష్టానికి శిక్ష లేదంటుందా శాస్త్రం. తోలడం చేతకాక బండి దారి తప్పి నష్టం చేస్తే మాత్రం యజమానికి 200 పణాల జరిమానా. తోలేవాడు సమర్థుడై ఉండీ తప్పు చేస్తే జరిమానా వాడికే. ఆ పైమాట ఇంకా పదునైనది: తోలేవాడు చేతకానివాడని తేలితే బండిలో ఎక్కినవాళ్లందరికీ తలా 100 పణాలు. అలాంటివాడి బండి ఎందుకెక్కారని.

ఇరుసు విరిగితే తప్పు లేదన్నది న్యాయంగానే ఉంది. విరగబోయే ఇరుసు బయటికి కనపడదు కదా. అయితే ఆ ఇరుసు చేసిన వడ్రంగే మనిషిని పంపి, ‘నేను చేసిన ఇరుసుల్లో కొన్ని విరుగుతున్నాయి, మీ బండి తీసుకురండి, ఊరికే మార్చి ఇస్తాను’ అని కబురు పెడితే? ఆ కబురు అందాక కూడా ఇరుసు విరగడం దైవికమే అవుతుందా? ఈ సందర్భం గురించి ఆ శ్లోకాల్లో మాట లేదు. వడ్రంగి ఊరూరా కబురు పంపే రోజు వస్తుందని ఆ కాలంలో ఎవరూ ఊహించి ఉండరు.

ఊహించినవాళ్లు బాబిలోన్‌లో ఉన్నారు, ఎద్దుల విషయంలో. సుమారు 3,700 ఏళ్ల కిందటి హమ్మురాబి శాసనాల్లో వరసగా రెండు సూత్రాలున్నాయి. వీధిలో పోతున్న ఎద్దు ఎవరినైనా పొడిచి చంపితే దావా లేదు. అదే ఎద్దు పొడిచే రకమని పేటపెద్దలు యజమానికి ముందే చెప్పి ఉండి, అతను దాని కొమ్ములు మొద్దు చేయకుండా, కట్టేయకుండా వదిలేసి ఉంటే అర మినా వెండి చెల్లించాలి. యూదుల ధర్మగ్రంథంలోని నిర్గమకాండం 21వ అధ్యాయం ఇంకా కఠినం. హెచ్చరిక అందని యజమాని నిర్దోషి. హెచ్చరిక అందినా కట్టేయనివాడిది మరణశిక్ష పడాల్సిన నేరం, ప్రాణానికి బదులు సొమ్ము కట్టి బయటపడే వీలు మాత్రం ఉంది. రెండు సందర్భాల్లోనూ ఎద్దు అదే, పోటూ అదే, పోయిన ప్రాణమూ ఒకటే. మధ్యలో మారిందల్లా ఒక కబురు.

లోపమున్న బండిని మరమ్మతుకు వెనక్కి పిలిచే రీకాల్ ఉత్తరం సరిగ్గా అలాంటి కబురు. అది చేరేదాకా యజమాని ఇరుసు విరిగిన బండివాడు, చేరాక పొడిచే ఎద్దు ఉన్న ఆసామి. ఈ వ్యాసం వాదన కూడా అంతే. కాకపోతే ఆ కబురు ఎవరెవరి చేతులు మారి వస్తుంది, దారిలో ఎవరు దాన్ని తొక్కిపెడతారు అన్నది చూస్తే గానీ ఆ ఆసామి మీద వేయాల్సిన బరువెంతో తేలదు.

ఆ హోండా బండ్లలోని ఎయిర్‌బ్యాగ్‌లు చేసిన టకాటా అనే జపాన్ కంపెనీ 1933లో నేత పనితో మొదలైంది. సీటు బెల్టులు, ఆ తర్వాత ఎయిర్‌బ్యాగ్‌లు చేసి ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీల్లో చాలావాటికి అమ్మింది. ఎయిర్‌బ్యాగ్‌ని క్షణంలో పదో వంతు కూడా పట్టకుండా ఉబ్బించాలంటే లోపల చిన్న మందుగుండు బిళ్లలు కాలి వాయువు పుట్టాలి. ఆ బిళ్లలకు టకాటా 2000 ప్రాంతం నుంచి అమ్మోనియం నైట్రేట్ వాడింది. అదేమీ వింత పదార్థం కాదు. విశాఖ రేవులో దిగి గనులకు వెళ్లే సరుకు అదే, 2020లో బీరూట్ రేవుని పేల్చేసింది కూడా అదే. చవక. దాని చిక్కల్లా తేమ. ఏళ్ల తరబడి పగలు వేడెక్కుతూ రాత్రి చల్లబడుతూ, గాలిలోని తేమ లోపలికి చేరితే బిళ్లలు గుల్లబారతాయి. గుల్లబారిన బిళ్ల మామూలుకంటే వేగంగా కాలుతుంది, డబ్బా ఆ ఒత్తిడికి ఆగలేక పగులుతుంది. అమెరికాలోని మోజెస్ లేక్, మెక్సికోలోని మొంక్లోవా ఫ్యాక్టరీలలో తయారీ లోపాలు కూడా దీనికి తోడయ్యాయి.

అందుకే రీకాల్‌లో మొదటి వరస ఫ్లోరిడా, టెక్సస్, లూసియానా, హవాయి లాంటి ఉక్కపోత రాష్ట్రాలది. అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు, అంటే ఆ లోహపు డబ్బాలు, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అక్కడ 28 మంది చనిపోయారు, 400 మందికి పైగా గాయపడ్డారు.

తెలుగు ఇళ్లలో ఇలాంటి చావు వార్త విన్నప్పుడు మొదట వచ్చే మాట ‘రాసిపెట్టి ఉంది’. ఆ మాటని తేలిగ్గా తీసిపారేయకూడదు. దుఃఖంలో ఉన్నవాళ్లకి అది ఊతం. చిక్కల్లా రాసింది ఎవరో అడగకపోవడంలో ఉంది. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడితో దైవం గురించి చెప్పే ఘట్టం ఈ సందర్భానికి అచ్చంగా సరిపోతుంది. దైవమనే వేరే శక్తి ఏదీ లేదు, వెనక ఎప్పుడో చేసిన ప్రయత్నమే ఇప్పుడు దైవంలా అనిపిస్తుంది, దాన్ని ఇప్పటి ప్రయత్నంతో గెలవవచ్చు అన్నది అక్కడి సారాంశం. వసిష్ఠుడు ఒకే జీవుడి గతం, వర్తమానం గురించి మాట్లాడాడు. కార్ల లోకంలో ఒకరి గత ప్రయత్నం ఇంకొకరి దైవమవుతుంది. 2000లో మోజెస్ లేక్‌లో ఒక యంత్రం బిళ్లని సరిగా నొక్కకపోవడం, పదహారేళ్ల తర్వాత హ్యూస్టన్ దగ్గర స్టీరింగ్ పట్టుకున్న పిల్ల నుదుటి రాత అవుతుంది. ఆ రాతని తుడిచే ప్రయత్నానికి షోరూమ్‌లో గంటో రెండు గంటలో పడుతుంది.

హ్యూస్టన్ దగ్గర అన్నది మాటవరసకు అన్నది కాదు. 2016 మార్చిలో టెక్సస్‌లోని ఫోర్ట్ బెండ్ కౌంటీలో, ఎంతోమంది తెలుగువాళ్లు కూడా కాపురముండే ఆ ప్రాంతంలో, 17 ఏళ్ల అమ్మాయి నడుపుతున్న 2002 హోండా సివిక్ ముందు కారుని తాకింది. పెద్ద ప్రమాదం కాదు, అందరూ దిగి నడిచి వెళ్లిపోవాల్సినంత చిన్నది. ఎయిర్‌బ్యాగ్‌లోంచి వచ్చిన ముక్క ఆమె మెడకు తగిలింది. ఆ కారు రీకాల్ జాబితాలో ఉంది. ఉత్తరాలు పలుమార్లు పంపామని కంపెనీ చెప్పింది. తమకు ఒక్కటీ అందలేదని కుటుంబం చెప్పింది. అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి.

విధివాదులు తరచూ పరీక్షిత్తుని సాక్ష్యానికి పిలుస్తారు. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకు పోతావని శాపం. రాజు ఒంటిస్తంభం మేడలో కాపలా పెట్టుకున్నాడు, మంత్రగాళ్లని, వైద్యులని చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. అయినా పండులో పురుగై వచ్చిన తక్షకుడు కరిచాడు. చూశారా, ఎంత జాగ్రత్తపడితే ఏం లాభం అంటారు. ఆదిపర్వంలో అదే కథలో మధ్యన ఉన్న ఇంకో మనిషిని మాత్రం వాళ్లు చెప్పరు. కాశ్యపుడనే బ్రాహ్మణుడు విషానికి విరుగుడు తెలిసినవాడు. రాజుని బతికించడానికి హస్తినకు బయలుదేరాడు. దారిలో తక్షకుడు అతని విద్యను పరీక్షించాడు. తన విషంతో ఒక మర్రిచెట్టుని బూడిద చేస్తే కాశ్యపుడు దాన్ని మళ్లీ చిగురింపజేశాడు. అంటే మందు ఉంది, పనిచేస్తుంది కూడా. అప్పుడు తక్షకుడు, రాజు ఇచ్చేదానికంటే ఎక్కువ ధనం తాను ఇస్తానన్నాడు. కాశ్యపుడు దివ్యదృష్టితో చూసి రాజుకి ఆయువు తీరిందని తెలుసుకుని, ఆ ధనం పుచ్చుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆయువు తీరిందన్న జ్ఞానం, డబ్బు మూట రెండూ ఒకేసారి చేతికి రావడం గమనించాల్సిన సంగతి. వ్యాసుడు ఆ రెంటినీ పక్కపక్కన ఊరికే పెట్టాడని అనుకోవడం కష్టం.

టకాటాలోనూ కాశ్యపులున్నారు. ఇన్‌ఫ్లేటర్ల పరీక్ష ఫలితాలని మార్చి కార్ల కంపెనీలకు తప్పుడు నివేదికలు ఇచ్చామని ఆ కంపెనీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుంది. 2017 జనవరిలో 100 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అదే ఏడాది జూన్‌లో దివాలా తీసింది. హోండా మొదటి రీకాల్ 2008 నవంబరులో, కేవలం 4,000 కార్లకి. 2009 మేలో ఒక్లహామాలో ఒక 18 ఏళ్ల అమ్మాయి 2001 అకార్డ్‌లో ఎయిర్‌బ్యాగ్ ముక్క తగిలి పోయింది. ఆ తర్వాత జాబితా పెరిగింది, మళ్లీ పెరిగింది, ఏళ్ల తరబడి పెరుగుతూనే పోయింది.

జనరల్ మోటార్స్ కథ ఇంకో రకం. ఇగ్నిషన్ స్విచ్ నడుస్తున్న బండిలో దానంతటదే ఆగిపోతే ఇంజను ఆగుతుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. 2006లో ఆ స్విచ్‌ని లోపల మార్చారు గానీ పార్ట్ నంబరు మార్చలేదు. దాంతో ఏ బండిలో పాతది ఉందో, దేనిలో కొత్తది ఉందో కనిపెట్టడమే కష్టమైంది. రీకాల్ 2014లో వచ్చింది. పరిహార నిధి 124 మరణాలని గుర్తించింది. కంపెనీయే పెట్టించిన విచారణ నివేదిక ఒక అలవాటుని ప్రస్తావించింది. మీటింగ్‌లో అందరూ సరేనని తలూపి, గది దాటాక ఎవరూ ఏమీ చేయకపోవడం. దానికి ఆ కంపెనీలో పేరే పెట్టుకున్నారట, ‘జీఎం నాడ్’ అని. పాపాన్ని ఇంతమంది మధ్య పంచితే ఎవరి వాటాకీ బరువు తెలియదు. కర్మ సిద్ధాంతంలో కర్త ఒక్కడు. కార్పొరేషన్‌లో కర్త కోసం వెతికితే తలలు ఊగడం కనిపిస్తుంది, చేయి కనిపించదు.

తక్షకుడి మూట తీసుకోని కాశ్యపుడు కూడా ఒకడున్నాడు. కిమ్ గ్వాంగ్-హో హ్యుందాయ్‌లో రెండు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఇంజనీరు. శాంటా ఫే, టూసాన్, సొరెంటో, స్పోర్టేజ్ లాంటి కుటుంబపు బండ్లలోనూ వాడిన ఒక ఇంజను రకంలో లోపాలని కంపెనీ సరిగా చూడటం లేదని, 2016లో ఆ కాగితాలు పట్టుకుని అమెరికా రహదారి భద్రతా సంస్థ దగ్గరికి వెళ్లాడు. ఉద్యోగం పోయింది. ఐదేళ్ల తర్వాత, 2021 నవంబరులో, ఆ సంస్థ అతనికి 2.4 కోట్ల డాలర్లకు పైగా బహుమానం ప్రకటించింది. ఆ సంస్థ ఒక వాహన సమాచారకుడికి అలా ఇవ్వడం అదే మొదలు. ఐదేళ్ల ఆలస్యం ఎక్కువే. అయినా మూట ఈసారి సరైన వైపు చేరింది.

ఇక యజమాని. అమెరికాలో రీకాల్ ఉత్తరం కవరు మీద ‘ముఖ్యమైన భద్రతా రీకాల్ సమాచారం’ అని ఎర్రటి ముద్ర వేయాలన్న నియమం 2014లో అమల్లోకి వచ్చింది. ఎందుకంటే జనం దాన్ని వారంటీ అమ్ముకునేవాళ్ల ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేస్తున్నారు. నిజంగా పొరబడితే అది తెలియనితనమే. కానీ చాలా ఇళ్లలో జరిగేది వేరు. ముద్ర కనపడుతుంది, సంగతి అర్థమవుతుంది, కవరు ఫ్రిజ్ మీద చేరుతుంది. ‘ఇన్నేళ్లు తిరిగింది, ఏమైంది?’ ‘వచ్చే సర్వీసింగ్‌లో చూద్దాం.’ ‘ఏం కాదులే.’

ఈ ‘ఏం కాదులే’ని ఇంగ్లండ్ తత్వవేత్త విలియం క్లిఫర్డ్ 1877లోనే బోనులో నిలబెట్టాడు. అతని వ్యాసంలో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, మరమ్మతులు కావాలని మనసులో అనుమానం. అయినా ఇన్ని ప్రయాణాలు క్షేమంగా చేసింది కదా, వలస పోతున్న ఇన్ని కుటుంబాలని దేవుడు కాపాడడా అని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. చివరికి నిజంగానే నమ్ముతాడు. ఓడ మునుగుతుంది, బీమా సొమ్ము చేతికొస్తుంది. క్లిఫర్డ్ తీర్పులో అసలు కొస ఆ తర్వాత ఉంది. ఓడ మునగకుండా క్షేమంగా చేరి ఉన్నా వాడి దోషం రవ్వంత తగ్గదంటాడు. నమ్మకం నిజాయితీగా ఉండటం సరిపోదు, ఆ నమ్మకానికి వాడికి హక్కు ఉందా లేదా అన్నదే లెక్క. క్లిఫర్డ్‌కి ఓడల సంగతి పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. 1870లో సూర్యగ్రహణం చూడటానికి వెళ్తూ సిసిలీ దగ్గర ఓడ దెబ్బతిని బతికి బయటపడ్డాడు.

ఎవరైనా ఇక్కడ లెక్క తీయవచ్చు. అన్ని రీకాల్‌లూ 50 శాతం ముప్పువి కావు. వేలల్లో ఒక బండికి లోపం ఉండవచ్చు, ఆ ఒక్కదానికీ ప్రమాదం జరిగితేనే ముప్పు. సొంత ప్రాణం మీద అలాంటి పందెం వేసుకునే స్వేచ్ఛ మనిషికి ఉందని వాదిద్దాం. సీఆర్-వీ లాంటి క్రాసోవర్ బండి విషయంలో ఆ వాదన నిలవదు. ఆ బండిని కొనేదే ఇతరుల కోసం. వెనక సీట్లో పిల్లలు, వాళ్ల పక్కన ఊరి నుంచి వచ్చిన అత్తగారు, స్కూలుకి వంతులవారీగా ఎక్కించుకునే పక్కింటి పాప. వీళ్లెవరూ ఆ కవరు చదవలేదు. మనువు చెప్పిన 100 పణాల న్యాయం ఇక్కడ తలకిందులవుతుంది. ఎక్కినవాళ్లకు ఏమీ తెలియదు, తెలిసినవాడు ఒక్కడే.

మరి దేవుడి మాట? కొత్త కారు కొన్న తెలుగువాళ్లు జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికో, బెజవాడ దుర్గమ్మ కొండ కిందికో, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి ఆలయానికో వెళ్లి వాహనపూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా ఇంటికి తేవడం అరుదు. టకాటా, హోండా పుట్టిన జపాన్‌లోనూ ఇదే ఆచారం ఉంది. కవసాకి దైషీ బౌద్ధాలయంలో కార్లకు ప్రార్థన చేయించడానికి ప్రత్యేకంగా మందిరమే కట్టారు. కేథలిక్కులు డ్యాష్‌బోర్డు మీద సెయింట్ క్రిస్టఫర్ పతకం పెట్టుకుంటారు. వేగంగా పోయే ఇనుప డబ్బాలో ఎక్కేముందు ఏదో ఒక శక్తికి దండం పెట్టుకోవడం ఏ మతంవాడికైనా సహజమే. హేతువాదులు దీన్ని చూసి నవ్వుతారు గానీ, ఆ నవ్వు అనవసరం.

ఎందుకంటే పూజ పద్ధతిలోనే మరమ్మతు ఉంది. దసరా ఆయుధపూజకు ముందు కమ్మరి, వడ్రంగి, దర్జీ, లారీ డ్రైవరు తమ పనిముట్లని తుడిచి, కడిగి, నూనె పెట్టి, సరిచేసుకున్నాకే కుంకుమ బొట్టు పెడతారు. మట్టి కొట్టుకుపోయిన రంపానికి ఎవరూ హారతి పట్టరు. ఆ వరస తిరగబడితేనే తేడా వస్తుంది. బొట్టుంది కదా అని నూనె మానేయడం, నిమ్మకాయ తొక్కించాం కదా అని ఉత్తరం పక్కన పడేయడం. ఓడ యజమాని దేవుడి మీద పెట్టిన భారం సరిగ్గా ఇలాంటిదే. సంకల్పంలో గోత్రం, నక్షత్రం చెప్పేవాళ్లు ఛాసిస్ నంబరు కూడా ఒకసారి ఫోన్లో కొట్టి చూసుకుంటే ఏ దేవుడూ కోప్పడడు.

చేద్దామన్నా వీలుకాని సందర్భాలూ ఉన్నాయి, వాటిని దాటేయడం అన్యాయం. టకాటా గొడవ ముదిరిన రోజుల్లో కోట్ల కొద్దీ ఇన్‌ఫ్లేటర్లు ఒక్కసారిగా దొరకలేదు. కొందరికి పాతదాని స్థానంలో అదే అమ్మోనియం నైట్రేట్‌తో కొత్తది బిగించి, కొన్నేళ్లకి మళ్లీ రమ్మన్నారు. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా కలిసి అమెరికాలో 33 లక్షలకు పైగా బండ్లని రీకాల్ చేశాయి. బ్రేకులకు సంబంధించిన ఒక యూనిట్‌లో ద్రవం కారి మంటలు రావచ్చని, మరమ్మతు అయ్యేదాకా బండిని ఇంటికీ గ్యారేజీకీ దూరంగా ఆరుబయట నిలపమని చెప్పాయి. హమ్మురాబి శాసనంలో దీనికి సాటి ఉంది. ఎద్దుని చంపమని అది అడగలేదు, కొమ్ములు మొద్దు చేయమంది, కట్టేయమంది. పార్టు రాలేదని షోరూమ్‌వాళ్లు తిప్పి పంపితే యజమాని ధర్మం అక్కడితో తీరిపోదు గానీ తగ్గుతుంది. ఆరుబయట నిలపడం, నడపవద్దంటే నడపకపోవడం, నెలకోసారి ఫోన్ చేసి అడగడం. 2023 జనవరిలో మారుతి సుజుకి బ్రెజా, గ్రాండ్ విటారా సహా 17,362 కార్లని ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మార్చడానికి పిలిచినప్పుడు, మార్చేదాకా నడపవద్దనే సలహా ఇచ్చింది. ఆ సలహాని పాటించడానికి ఆటో చార్జీలు అవుతాయి. ధర్మానికి ఆ మాత్రం ఖర్చు ఎప్పుడూ ఉంది.

అన్నిటికంటే చిక్కైన ప్రశ్న చేతులు మారిన బండిది. సుమారు 1,800 ఏళ్ల కిందట కూర్చిన యూదుల మిష్నాలో, పొడిచే ఎద్దు గురించే, ఒక వివాదం ఉంది. చెవిటివాడి తరఫున, చిన్నపిల్లవాడి తరఫున న్యాయస్థానం ఒక సంరక్షకుణ్ణి పెడుతుంది, హెచ్చరికలు అతనికి అందుతాయి. తర్వాత ఆ పిల్లవాడు పెద్దవాడై ఎద్దు అతని చేతికొస్తే, పాత హెచ్చరిక చెల్లుతుందా? చెల్లదు, ఎద్దు మళ్లీ మామూలు ఎద్దే అన్నాడు రబ్బీ మేయర్. చెల్లుతుంది, ఎద్దు స్వభావం చేతులు మారితే మారదు కదా అన్నాడు రబ్బీ యోసే. ఫోర్ట్ బెండ్ కౌంటీ సివిక్ సరిగ్గా ఈ ఇద్దరి మధ్యన నిలబడి ఉంది. ప్రమాదం దృష్టితో చూస్తే యోసే చెప్పిందే నిజం, ఇన్‌ఫ్లేటర్‌కి ఆర్‌సీ మీది పేరుతో పని లేదు. దోషం దృష్టితో చూస్తే మేయర్ చెప్పింది న్యాయం, కబురు అందనివాణ్ణి అనలేం. ఈ రెండూ కలిపితే బరువంతా కబురు తెలిసి ఉండీ చెప్పకుండా అమ్మినవాడి మీద పడుతుంది.

అమ్మేవాడి మౌనం మీద క్రీస్తుపూర్వం 44లో రోమన్ తత్వవేత్త సిసిరో ఒక చర్చ నడిపాడు. పాములు చేరిన, దూలాలు పుచ్చిన ఇల్లు అమ్మేవాడు ఆ సంగతి కొనేవాడికి చెప్పాలా? చట్టం అడిగినంత చెప్తే చాలు, ఊరుకోవడం వేరు, దాచడం వేరు అంటాడు డయోజినిస్ అనే స్టోయిక్. చెప్పి తీరాలంటాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో శిష్యుడి పక్షం. అమెరికా చట్టం విచిత్రంగా ఇద్దరినీ మెప్పించింది. రీకాల్ పని కాని కొత్త కారుని డీలరు అమ్మకూడదు. 2004లో అద్దెకు తీసుకున్న రీకాల్ కారులో మంటలు వచ్చి కాలిఫోర్నియాలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు చనిపోయాక, వాళ్ల తల్లి ఏళ్ల తరబడి పోరాడితే, 35కి మించి బండ్లున్న అద్దె కంపెనీలు అలాంటి బండి ఇవ్వకూడదని 2016 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. సెకండ్ హ్యాండ్ కారు అమ్మే డీలరుకి మాత్రం ఆ సమాఖ్య నిషేధం లేదు. అక్కడ ఇంకా డయోజినిస్ రాజ్యమే.

భారతదేశంలో 2012 నుంచి కార్ల కంపెనీలు తమంతట తాము రీకాల్ చేసే పద్ధతి పెట్టుకున్నాయి. టకాటా ఎయిర్‌బ్యాగ్‌ల కోసం హోండా 2016లో ఇక్కడా 1.9 లక్షల కార్లని పిలిచింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో రీకాల్ చేయమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది, 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లో ఉన్నాయి. అయితే ఆ ఆదేశం ఏడేళ్ల లోపు బండ్లకే. అమ్మోనియం నైట్రేట్ బిళ్ల సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నడిచింది, బండి ముసలిదయ్యేకొద్దీ ప్రమాదం పెరిగింది. ఏడేళ్లు దాటిన బండ్లు జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో రెండో చేతికీ మూడో చేతికీ వెళ్తాయి. కొనేవాడి సొమ్ము తక్కువ, కబురు అందే దారీ తక్కువ. కాకినాడ ఉక్కపోతలో తిరిగే పదేళ్ల బండికి చట్టం చూపు అవసరమైన రోజునే ఆ చూపు ఆగిపోవడం తప్పుడు గీత. దాన్ని చెరపాల్సింది పార్లమెంటు, రవాణాశాఖ.

అప్పటిదాకా చేయగలిగిన పని చిన్నది. ఆర్‌సీ మీద 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటుంది. పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో దాన్ని కొడితే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది, లేకపోతే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసినా చెప్తారు. కారు కొనేవారు బయానా ఇవ్వకముందే చూసుకోండి. అమ్మేవారు ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలతో పాటు ఆ జవాబు కూడా రాసిచ్చి, పెండింగ్‌లో ఏదైనా ఉంటే చేయించాకే తాళం చేతికివ్వండి. ఇల్లు మారినప్పుడు గ్యాస్ కంపెనీకి, బ్యాంకుకి చెప్పినట్టే కారు కంపెనీకీ కొత్త చిరునామా చెప్పండి.